నేనిచ్చిన మూడు ‘నిల్’ రిపోర్టులు

మా గల్లీలో ఒక పిల్ల ఈ మధ్యే ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉద్యోగంలో చేరింది. మొన్న సుబేదారిలో కూరగాయల బండి దగ్గర కలిసి, “ఆంటీ, పొద్దంత మూత్రం డబ్బలు ముందటేసుకొని కూసుంటాన. ఇదేం నౌకరి?” అని మూతి ముడిచింది. నాకు చర్రుమంది. ముప్పై ఒక్క ఏళ్లు అవే డబ్బాలు ముందేసుకుని కూర్చున్నదాన్ని నేను. ఆ పిల్లను అక్కడే నిలబెట్టి నాలుగు మాటలు అనేదాన్నే కానీ, చేతిలో టమాటల సంచీ, వెనక ఆటోవాడి హారను. అప్పుడు అనలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. మా పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరు చదివినా సరే, ఇది మీకే.

దవాఖాన పేరు చెప్పను. వరంగల్లో ఒక దవాఖాన అనుకోండి, చాలు. మా ల్యాబ్‌కు రెండు కిటికీలు ఉండేవి. ఒకటి రక్తానిది, రెండోది మూత్రానిది. రక్తం కిటికీ దగ్గర నాకంటే రెండేళ్లు సీనియర్ అయిన ఒక పెద్దమనిషి కూర్చునేవాడు. మూత్రం కిటికీ నాది. ఆయన రిపోర్టులు తెల్ల చీటీల మీద, నావి గులాబీ చీటీల మీద వెళ్లేవి. ఎవరి చీటీ వాళ్లది, ఎవరి సంతకం వాళ్లది.

ఒక ఎండాకాలం గోడ ఫ్యాను ఎటు తిరగాలనే దాని మీద మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. “మూత్రానికి గాలెందుకమ్మా?” అన్నాడాయన, నలుగురిలో. ఆ ఒక్క మాటకు నేను ఆయనతో ఏడాది పాటు మాట్లాడలేదు. మాటలు లేవంటే ఒకరి చీటీ మీదికి ఒకరు తొంగిచూడటం కూడా లేదు. ఆయన రక్తం సంగతి నాకు పట్టదు, నా మూత్రం సంగతి ఆయనకు పట్టదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. ఒకే మనిషి ఒంట్లోంచి వచ్చిన రెండింటిని మేము రెండు ఊళ్లుగా విడగొట్టుకున్నాం.

నా నోటి సంగతి కూడా చెప్పాలి. నాది గట్టి నోరు. మంగళవారం మా దగ్గర షుగరు పేషెంట్ల రోజు. నర్సంపేట నుంచి, నెక్కొండ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చేవాళ్లు. వరస గేటు దాకా ఉండేది. ఆడవాళ్లకు ఉన్నవి రెండే మరుగుదొడ్లు, వాటిలో ఒకదాని గడియ ఎప్పుడూ ఊడే ఉండేది. డబ్బా తీసుకుని వెళ్లినవాళ్లు తొందరగా రాకపోతే నేను కిటికీలోంచి కేకలు పెట్టేదాన్ని. “జల్ది తేవాలె! చెరువు నింపమన్ననా? గంత సేపా?” అనేదాన్ని. వరసలో ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేను పని బాగా నడిపిస్తున్నానని మురిసిపోయేదాన్ని.

ఆ వరసలో మూడు నెలలకోసారి ఒక అవ్వ వచ్చేది. నెక్కొండ అవతల పల్లె. అరవై దాటి ఉంటాయి. గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉండేది కానీ పత్తి ఏరడంలో ఆమెను మించినవాళ్లు ఆ వాడకట్టులో లేరని కోడలు చెప్పేది. షుగరు వచ్చి పన్నెండేళ్లు. కోడలు ఎప్పుడూ వెంట ఉండేది. నెమ్మదైన పిల్ల, అత్తను చేయి పట్టుకుని నడిపించేది. అవ్వకు కుడికాలి బొటనవేలు వాచి ఎర్రగా ఉండేది. ఊళ్లో ఆర్ఎంపీ ఇంజెక్షన్ చేస్తే రెండు రోజులు తగ్గేది, మళ్లీ వచ్చేది. రక్తం చీటీలో యూరిక్ ఆసిడ్ ప్రతిసారీ ఎక్కువే, ప్రతిసారీ కిందటిసారి కంటే ఇంకొంచెం ఎక్కువ.

యూరిక్ ఆసిడ్ ఎక్కువని చూడగానే మాంసం గురించి అడగడం మా దవాఖానలో అందరికీ అలవాటు. డాక్టరూ అడిగాడు. అవ్వ చెప్పిన జవాబు వార్డంతా తిరిగింది. “మా ఇంట్ల కూర ఒండేదే ఆయితారం నాడు సారూ. అండ్ల నా పాలుకు వచ్చేది పులుసే” అందట.

ఈ సంగతి మీకు కాలేజీలో చెప్పే ఉంటారు, నా మాటల్లో ఇంకోసారి వినండి. యూరిక్ ఆసిడ్ మన ఒంట్లో రోజూ తయారయ్యే చెత్త, పేరుకుపోతే కీళ్లలో చేరి అవ్వ వేలిలాగే వాచేలా చేస్తుంది. దాన్ని బయటికి ఊడ్చే పని ఎక్కువగా కిడ్నీలది. షుగరున్న మనిషిలో అది పెరుగుతూ పోతుంటే, తిండి ఎక్కువైందా అని అడిగినట్టే, ఊడ్చేవాళ్లు అలసిపోయారా అని కూడా అడగాలి. అది ఒక్కటే చూసి కిడ్నీ చెడిందని చెప్పలేం. అలాగని వదిలేయనూ లేం. ఆ అనుమానం తీర్చే పరీక్షల్లో ఒకటి నా కిటికీ దగ్గర ఉంది. కిడ్నీలోని జల్లెడ దెబ్బతింటే మూత్రంలోకి ప్రొటీన్ కారుతుంది. అవ్వ చీటీ మీద నేను మూడుసార్లు ‘ప్రొటీన్ నిల్’ అని రాశాను. కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ కూడా కొంచెం కొంచెంగా పెరుగుతున్నా, నా గులాబీ చీటీ చూసి డాక్టరు ధైర్యంగా ఉన్నాడు. వేలి నొప్పికి ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలే కొనసాగించమన్నాడు. ఆ నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీకి శత్రువులు. బాగున్న కిడ్నీ అనుకున్నాడు కాబట్టి రాశాడు. బాగుందని చెప్పింది నేను.

నాలుగోసారి అవ్వ వచ్చింది మేడారం జాతర వారంలో. బస్సులన్నీ అటే పోయాయి, జనమూ అటే పోయింది. మా రక్తం కిటికీ పెద్దమనిషి కూడా నిలువెత్తు బెల్లం మొక్కుందని సెలవు పెట్టి వెళ్లాడు. ఆ మంగళవారం రెండు కిటికీలూ నావే. వరసలో ముప్పై మంది కూడా లేరు. అవ్వ రైలు దిగి కుంటుకుంటూ వచ్చింది.

“జాతరకు పోలేదా అవ్వా?” అని అడిగాను.

“ఈ కాలేసుకొని ఏడ పోదు బిడ్డా. తల్లి గద్దెకాడికి నడవనిస్తదా ఇది? ముందుగాల కాలు సూపిచ్చుకో, మళ్ల జాతరకన్న తీసుకపోతనన్నడు కొడుకు.”

రక్తం తీశాను. డబ్బా ఇచ్చాను. కాసేపటికి కోడలు డబ్బా తెచ్చి కిటికీలో పెట్టింది. ఇద్దరూ టిఫిన్ తినడానికి బయటికి వెళ్లారు. తిన్న రెండు గంటలకు మళ్లీ రక్తం ఇవ్వాలి కాబట్టి ఎలాగూ తిరిగి రావాలి.

ఆ రోజు మొదటిసారి ఒకే మనిషి తెల్ల చీటీ, గులాబీ చీటీ రెండూ నా చేత్తోనే రాశాను. తెల్ల చీటీ మీద పరగడుపు షుగరు మూడు వందల పన్నెండు అని రాసి, పెన్ను మార్చకుండానే గులాబీ చీటీ మీద మూత్రంలో షుగర్ నిల్ అని రాశాను. రాసిన తర్వాత పెన్ను ఆగింది.

రక్తంలో షుగరు అంత ఉంటే మూత్రంలోకి కారకుండా ఎలా ఉంటుంది? అది మా చదువులో మొదటి ఏడాదే నేర్పే పాఠం. ముందు మూత్రంలో ముంచే స్ట్రిప్పుల డబ్బా మీద తేదీ చూశాను. బాగానే ఉంది. మూత సరిగ్గా పెట్టక చెమ్మ తగిలిందేమోనని ఇంకో పేషెంటు మూత్రంలో స్ట్రిప్ ముంచాను. షుగర్ గడి గోధుమ రంగుకు తిరిగింది. అంటే స్ట్రిప్పులు మంచివే. రక్తం మళ్లీ మిషన్‌లో పెట్టాను. మూడు వందల తొమ్మిది. డబ్బాల మీద నెంబర్లు తారుమారయ్యాయా అని చూశాను. కాలేదు. ఇక తప్పు పట్టడానికి వస్తువులు మిగల్లేదు, మనుషులే మిగిలారు.

పదకొండు దాటాక ఇద్దరూ వచ్చారు. కిటికీలోంచి మాట్లాడకుండా లోపలికి పిలిచి స్టూలు వేశాను. అవ్వ కంగారు పడింది.

“అవ్వా, పొద్దుగాల డబ్బల ఇచ్చింది నీదేనా?”

“నాదే బిడ్డా. ఇంకెవలదుంటది?”

కోడలి ముఖం చూశాను. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. అప్పుడు నా గట్టి నోటిని తీసి పక్కన పెట్టాను. నా సర్వీసులో అంత మెల్లగా మాట్లాడింది అదే మొదటిసారి అనుకుంటాను.

“నేను తిట్టనవ్వా. నిజం చెప్పు. నీ పాణం సంగతి ఇది.”

కోడలు ఏడుపు మొదలుపెట్టింది. “నాదే మేడం. ముందటి మూడుసార్లు గూడ నాదే ఇచ్చిన. అత్తమ్మకు వస్తలేదు. మీరేమో జల్ది జల్ది అని ఒర్రుతాండ్రు. అందరు నవ్వుతాండ్రు. ఆమె సిగ్గుపడి ఏడ్సింది. నేనే పోయి పట్టుకచ్చిన.”

“ఎందుకు వస్తలేదు?”

“పరగడుపున రమ్మన్నరు గద మేడం. రాత్రి తిన్నంక మంచినీళ్లు గూడ తాగది. ఉపాసం లెక్కనే ఉంటది. గుటక మింగినా పరగడుపు చెడుతదని.”

అవ్వ అందుకుంది, కోడలిని వెనకేసుకొస్తూ. “దాన్నేమనకు బిడ్డా. నేనే తెమ్మన్న. ఒక్కింట్ల ఉంటున్నం, ఒక్క కుండల వండుకొని తింటున్నం. నాదైతేంది దానిదైతేంది, గండ్ల ఫరకేముంటదనుకున్న.”

నాకు నవ్వు రావాలి. రాలేదు. పరగడుపున రమ్మని చెప్పామే కానీ మంచినీళ్లు తాగొచ్చని ఎవరమూ చెప్పలేదు. రాత్రి నుంచి గుక్క నీళ్లు లేకుండా రైలెక్కి వచ్చిన ముసలిదానికి మూత్రం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా గడియ లేని మరుగుదొడ్డి, బయట నా అరుపులు. ఆ కోడలు చేసింది తప్పే. కానీ ఆ తప్పు వైపు ఆమెను తరిమింది నేను.

సీసాతో నీళ్లిచ్చాను. స్టాఫ్ మరుగుదొడ్డికి తాళం ఉండేది, పేషెంట్లను పంపకూడదని రూలు. తాళం చెవి తీసుకుని అవ్వను నేనే తీసుకెళ్లాను. నీళ్లు తాగించి, మాటల్లో పెట్టి, ముప్పావుగంట ఆగాను. తలుపు బయట నిలబడి, “నిమ్మళంగ కానియ్యి అవ్వా, తొందరేం లేదు” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వినడం నాకే కొత్తగా ఉంది.

డబ్బాలో నురగ చూసినప్పుడే ప్రొటీన్ ఉందని అనుమానం వచ్చింది. స్ట్రిప్ ముంచి బయటికి తీశాను. షుగర్ గడి ముదురు గోధుమ రంగు. ప్రొటీన్ గడి పసుపు రంగులో ఉండాల్సింది, ఆకుపచ్చగా మారి ఇంకా ముదురుతూనే ఉంది. త్రీ ప్లస్, అంటే చాలా ఎక్కువ. నేను తొమ్మిది నెలల కింద చూడాల్సిన రంగు అది.

చీటీ తీసుకుని ముందు ల్యాబ్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. అంతా విని తలుపు దగ్గరగా వేశాడు. “ఇయ్యాల్టి రిపోర్టు ఇయ్యాల ఇచ్చెయ్. పాతయి ఎత్తకు. డాక్టరే చూస్కుంటడు. ఎందుకమ్మా లేనిది నెత్తికి తెచ్చుకుంటవు?” అన్నాడు. ఆ సలహా నాకు నచ్చిందని ఒప్పుకుంటున్నాను. అవ్వను, కోడలిని వెంటబెట్టుకుని డాక్టరు గదికి మెట్లెక్కుతూ దాన్నే పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నాను. కొత్త చీటీ ఇస్తే పనైపోతుంది, అవ్వకు వైద్యం అందుతుంది, నా సర్వీసు శుభ్రంగా ఉంటుంది.

డాక్టరు కుర్రవాడు, హైదరాబాద్ నుంచి వచ్చాడు. మంచి చేయి, మంచి మాట. చీటీ చూసి కనుబొమ్మలు ముడిచాడు. పాత చీటీలు తిరగేశాడు. నిల్, నిల్, నిల్.

“మొన్నటిదాకా నిల్ ఉంది కదా మేడం. సడన్‌గా త్రీ ప్లస్ అంటే యూరిన్ ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది. వారం యాంటీబయాటిక్ ఇచ్చి మళ్లీ చూద్దాం” అంటూ రాయడం మొదలుపెట్టాడు. “కాలి నొప్పి ఎలా ఉందమ్మా?” అని అవ్వను అడిగాడు. “సలుపుతాంది సారూ” అంది అవ్వ. ఆయన పెన్ను అదే నొప్పి మాత్ర పేరు మొదలుపెట్టింది. ఇంకో మూడు నెలలకు.

మొదటి అక్షరం పడటం నేను చూశాను. అవ్వ నన్నే చూస్తోంది, కోడలి పేరు ఎక్కడ బయటపెడతానో అని. మా ఇన్‌చార్జి మాట చెవిలో ఉంది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు.

“రాయకండి సార్” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. “ఆ మూడు రిపోర్టులూ తప్పు. నేనే ఇచ్చాను, మూడూ తప్పే. అవి ఈమె మూత్రానివి కావు. నేను తొందరపెట్టడం వల్ల శాంపిల్ మారిపోయింది. ఈమెవి ఇన్నాళ్లూ మనం చూడనే లేదు.”

ఆయన పెన్ను కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. రక్తం చీటీలన్నీ వరసగా బల్ల మీద పరిచి, యూరిక్ ఆసిడ్, క్రియాటినిన్ అంకెల కింద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. ఈసారి చదివినప్పుడు ఆ అంకెలు వేరే కథ చెప్పాయి. రాసిన కాగితం చించేశాడు. నొప్పి మాత్రలు ఆ క్షణమే ఆపించాడు. కోడలితో, “ఊళ్లో ఇంజెక్షన్లు కూడా వద్దు, ఎవరు చెప్పినా వద్దు” అన్నాడు. మూత్రం వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయించాడు, స్కానింగ్ చేయించాడు, పెద్ద కిడ్నీ డాక్టరుకు పంపాడు. ఇన్సులిన్, బీపీ మాత్ర, యూరిక్ ఆసిడ్‌కు చిన్న మోతాదులో మాత్ర అన్నీ అక్కడే కుదిరాయి. ఆ పెద్ద డాక్టరు కోడలితో అన్న మాట ఆమె తర్వాత నాకు చెప్పింది. నొప్పి మాత్రలు ఇంకో ఏడాది అలాగే మింగి ఉంటే డయాలసిస్ మిషన్ దగ్గర కలిసేవాళ్లమని అన్నాడట.

నాకు మెమో వచ్చింది. రావాల్సిందే. నా సర్వీసులో అదొక్కటే మెమో. ఉత్తమ ఉద్యోగి అని ఒకసారి ఇచ్చిన కాగితం ఎక్కడ పడేశానో గుర్తులేదు కానీ, ఈ మెమోను మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నాను. మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. అది నేను నోరు తెరిచిన రోజు కాగితం.

జాతర నుంచి వచ్చిన రక్తం కిటికీ పెద్దమనిషికి ఏడాది తర్వాత మొదటిసారి నేనే వెళ్లి జరిగింది చెప్పాను. “నా చీటీ మీద షుగరు ప్రతిసారి మూడు వందలు నేను రాసి పంపిన గద. నీ చీటీ ఒక్కసారి చూస్తే అయిపోయేది. నేనేం మనిషిని” అన్నాడు ఆయన. ఫ్యాను నా వైపు తిప్పాడు. నేను మళ్లీ మధ్యకు తిప్పాను.

ఆ తర్వాత మా ల్యాబ్‌లో రెండు చీటీలూ కలిపి పిన్ను కొట్టందే బయటికి పోయేవి కావు. రెండూ ఒకదానికొకటి పొసగకపోతే మళ్లీ పరీక్ష. కిటికీ మీద పెద్ద అక్షరాలతో నేనే రాసి అంటించాను: “పరగడుపున రావాలె. మంచినీళ్లు తాగొచ్చు.” చదవడం రానివాళ్లకు నోటితో చెప్పేదాన్ని, అరవకుండా. మరుగుదొడ్డి గడియ కోసం ఇన్‌చార్జి ప్రాణం తోడేస్తే పదిహేను రోజుల్లో కొత్తది పడింది. మొదట ‘ఇదొక చాదస్తం’ అన్నవాళ్లే తర్వాత వేరే ల్యాబ్‌లకు బదిలీ అయి వెళ్లి అక్కడా పిన్ను కొట్టించారు. ఈ మాట రాస్తుంటే నాకు గర్వంగా ఉంది. దాచుకోను. పనిచేసే మనిషి తన పనిలో చేయగలిగింది అదే, తన తప్పును తర్వాత వచ్చేవాళ్లకు దారిగా వేయడం.

పిల్లలూ, చెడిన కిడ్నీ మళ్లీ కొత్తదవదు. మా పని వల్ల ఎవరూ లేచి గంతులు వేయరు. నేను రిటైరయ్యే నెలలో, అంటే ఆ రోజుకు ఐదేళ్లకు, అవ్వ మంగళవారం వరసలోనే వచ్చింది. ఇంకా సన్నబడింది, కుంటడం మాత్రం లేదు. రక్తం ఇచ్చింది, డబ్బా తన చేత్తోనే తెచ్చి ఇచ్చింది. సాయంత్రం దాకా ఆగి రిపోర్టు కోసం కిటికీలో తల పెట్టింది.

“ఎంతచ్చింది బిడ్డా కిడ్నీది?”

“పోయినసారి ఎంతనో గంతే అవ్వా.”

“అంతకు ముందటిసారి?”

“అప్పుడూ గంతే.”

నేను రెండు చీటీలకు పిన్ను కొట్టి ఇచ్చాను. చీటీలు నడుముకు దోపుకుంది. వచ్చే నెల నుంచి నేను ఆ కిటికీ దగ్గర ఉండనని చెబుదామనుకున్నాను, కానీ ఆమె అప్పటికే గేటు వైపు తిరిగింది.

“ఇగ పోత బిడ్డా. రేపు పొద్దుగాల పత్తి ఏరుడుంది.”